నువ్వుగింజ నానిన నోళ్ళు

మా మరిది ఎనభయ్యో పేజీ దగ్గర ఆపేశాడు. "కోడ్ బ్రేకింగ్ నవల అన్నావు కదా వదినా, ఇందులో కోడ్ ఎక్కడుంది? ముగ్గురమ్మాయిలు, వాళ్ళ పెళ్ళిగోల, ఇంటి ఓనరమ్మ సాధింపులు. రోజూ రాత్రి టీవీలో వచ్చేదే కదా ఇది" అన్నాడు. పుస్తకాన్ని డైనింగ్ టేబుల్ మీద బోర్లించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. అతను ఒక ఐటీ కంపెనీలో సైబర్ సెక్యూరిటీ చూస్తాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు సందేశాల్ని సంకేతలిపిలోకి మార్చడానికి వాడిన ఎనిగ్మా మిషన్ ఫొటో అతనికి దేవుడి పటంతో సమానం. అప్పటికప్పుడు నాకు జవాబు తట్టలేదు. నాకెప్పుడూ అంతే, గిన్నెలు సర్దుతున్నప్పుడో, దుప్పటి కప్పుకున్నాకో తడుతుంది. ఇది ఆ ఆలస్యమైన జవాబు.

పుస్తకం పేరు 'ది రోజ్ కోడ్'. రాసింది కేట్ క్విన్ అనే అమెరికన్ రచయిత్రి. 2021లో వచ్చింది. ఆరువందల పేజీల పైమాటే. అంత లావు పుస్తకం చూస్తే నాకు ముందు మెడనొప్పి గుర్తొస్తుంది. అలాంటిది నాలుగు రాత్రుల్లో ముగించాను. ఐదో రోజు ఆఫీసులో అందరూ "ఒంట్లో బాలేదా?" అని అడిగారు.

కథ జరిగేది లండన్‌కి ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్లెచ్లీ పార్క్‌లో. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు విప్పిన చోటు అది. ఓ షేర్ బ్రోకర్ కట్టించుకున్న పాత బంగళా, దాని చుట్టూ హడావుడిగా లేపిన చెక్క షెడ్లు. వాటికి నంబర్లే పేర్లు: హట్ 3, హట్ 6, హట్ 8.

అక్కడికి 1940లో ఇద్దరమ్మాయిలు ఒకే రైల్లో వస్తారు. ఆస్లా కెనడాలో పుట్టిన డబ్బున్న పిల్ల. జర్మన్ గడగడా మాట్లాడుతుంది. అందరూ తనని తలకాయ లేని విందుబొమ్మ అనుకుంటున్నారని లోపల మండిపోతూ ఉంటుంది. మ్యాబ్‌ది లండన్ తూర్పు పేటల్లోని షోర్‌డిచ్. పేదిల్లు. పొడుగు మనిషి. చదివిన స్త్రీకి తెలిసుండాల్సిన క్లాసిక్స్ అని ఒక జాబితా పెట్టుకుని ఒక్కొక్కటీ టిక్ కొట్టుకుంటూ, మర్యాదస్థుణ్ణి పెళ్ళాడి ఆ పేట నుంచి బయటపడాలని పంతం. వీళ్ళిద్దరూ అద్దెకు దిగిన ఇంట్లో ఓనరమ్మ కూతురు బెత్. నోరు విప్పదు, తలెత్తదు. మొద్దు పిల్ల అని తల్లే ముద్ర కొట్టేసింది. తప్పు చేస్తే బైబిల్‌ని చేతులు చాచి పట్టుకుని, భుజాలు వణికేదాకా నిలబడాలి. ఆ పిల్ల క్రాస్‌వర్డ్ పజిళ్ళని మంచినీళ్ళు తాగినట్టు పూర్తిచేయడం ఆస్లా కంటపడుతుంది. పైవాళ్ళ చెవిన వేస్తుంది. అలా ఆ ఇంటి నుంచి మూడో మనిషి కూడా ఆ గేటు లోపలికి వెళ్తుంది.

ఇది ఒక పాయ. రెండో పాయ 1947 నవంబరులో నడుస్తుంది. యుద్ధం అయిపోయింది. 20వ తేదీన రాకుమారి ఎలిజబెత్ పెళ్ళి, లండనంతా ఆ సందడే. బెత్ మాత్రం ఒక పిచ్చాసుపత్రిలో ఉంది. అక్కణ్ణుంచి తన పాత స్నేహితురాళ్ళిద్దరికీ సంకేతలిపిలో ఒక సందేశం బయటికి దాటిస్తుంది. వాళ్ళేమో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. బెత్ పేరెత్తితే ఇద్దరికీ ఒళ్ళు మంట. ఒకే కంచంలో తిన్నట్టున్న ముగ్గురు ఇలా ఎందుకయ్యారు? ఆరువందల పేజీలూ నడిచేది ఈ ప్రశ్న మీద. మరిది ఫిర్యాదు సరిగ్గా ఇదే. నాకు నచ్చిందీ సరిగ్గా ఇదే.

ముందు అతని దారిలోనే వస్తాను, లెక్కలతో. జర్మన్ సైన్యం వాడిన ఎనిగ్మాలో ఐదు చక్రాల్లోంచి మూడు ఎంచుకోవాలి. వాటిని ఏ వరసలో పెట్టాలో, ఏ అక్షరం దగ్గర మొదలెట్టాలో చూసుకోవాలి. ముందువైపు ప్లగ్‌బోర్డులో పది జతల తీగలు గుచ్చాలి. ఇలా కుదిరే అమరికలు దాదాపు 16 లక్షల కోట్ల కోట్లు. రోజు మారితే అమరిక మారుతుంది. అర్ధరాత్రి దాకా కష్టపడి కనుక్కున్నది పొద్దున్నకి పనికిరాదు.

ఇంత పెద్ద తాళాన్ని తీయడానికి దొరికిన సందు చాలా చిన్నది. మా తాతయ్య రాసిన ఏ ఇన్‌ల్యాండ్ కవర్ అయినా ఇవ్వండి, విప్పకుండానే మొదటి వాక్యం చెప్తాను: "ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను." జర్మన్ ఆపరేటర్లకీ ఇలాంటి ఉభయకుశలోపరులు ఉండేవి. పొద్దున్నే ఒకే మాటతో మొదలయ్యే వాతావరణ సమాచారం ఒకటి. చెప్పడానికేమీ లేదని రోజూ అదే వాక్యం పంపే మారుమూల పోస్టు ఇంకొకటి. ఆ మాట సందేశంలో ఎక్కడుండొచ్చో ఊహించి, కాగితం మీద దాని కింద రాసుకుని చూసేవారు. ఎనిగ్మాకి ఒక జబ్బు ఉంది, ఏ అక్షరం నొక్కినా అది తిరిగి అదే అక్షరంగా రాదు. కాబట్టి పైన, కింద ఒకే గడిలో ఒకే అక్షరం పడిందంటే ఊహ అక్కడ కాదు, ఒక గడి పక్కకి జరపాలి. అలా నిలిచిన ఊహని పట్టుకుని అమరికల్ని గాలించడానికే బ్లెచ్లీ గణితజ్ఞులు ట్యూరింగ్, వెల్చ్‌మన్ 'బాంబ్' అనే యంత్రాన్ని తయారుచేశారు. దానికి ముందు పోలండ్ గణితజ్ఞులు రెయెవ్‌స్కీ, రూజిట్స్‌కీ, జిగాల్‌స్కీ ఉన్నారు. 1932 చివర్లోనే ఎనిగ్మా గుట్టు విప్పింది పోలండ్. 1939 జులైలో, తమ దేశం మునగబోతోందని తెలిసి, ఆ విద్యంతా పిలిచి మరీ బ్రిటిష్, ఫ్రెంచి వాళ్ళ చేతిలో పెట్టింది.

ఇంతవరకూ మరిదికి కంఠతా వచ్చు. అతను దాటేసిన సంగతి ఇంకోటి ఉంది.

నవల్లో బెత్ చేసే చాలా పనులు నిజంగా చేసిన మనిషి మేవిస్ లీవర్. డిలీ నాక్స్ అనే పెద్దాయన దగ్గర, బంగళా పక్కనున్న కాటేజీలో పనికి చేరేనాటికి ఆమెకి పందొమ్మిదేళ్ళు. ఇటాలియన్ నౌకాదళం సందేశం ఒకటి ఆమె బల్ల మీదికొచ్చింది. పొడుగ్గా ఉంది. దాన్ని అలా చూస్తూ ఉంటే ఏదో తేడా తట్టింది. అంత సందేశంలో 'ఎల్' అనే అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏ అక్షరమూ తిరిగి తానుగా రాదు కదా. అంటే అటుపక్క కూర్చున్నవాడు మొదటి నుంచి చివరిదాకా 'ఎల్' మీటే నొక్కుతూ పోయాడు! శత్రువుని తికమక పెట్టడానికి ఏదైనా ఉత్తుత్తి సందేశం పంపమని పైవాళ్ళు చెప్పి ఉంటారు. ఆ మహానుభావుడికి బద్ధకం. ఆ బద్ధకంతో మొత్తం చక్రం లోపలి తీగల అమరిక బయటపడిపోయింది.

ఈ కథ నాకు ఎన్నిసార్లు విన్నా విసుగు రాదు. పెళ్ళి పంక్తిలో ఎవరెవరు కూర్చున్నారో అందరూ చూస్తారు. ఎవరు రాలేదో చూసేది మా పెద్దత్తయ్య ఒక్కతే. ఆ కన్ను చదువుతో వచ్చేది కాదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఎవరి గొంతు ఎప్పుడు మారుతుందో కనిపెట్టుకుంటూ బతికినవాళ్ళకి వస్తుంది. బెత్ అలాంటి ఇంట్లో పెరిగింది. వంటగదిలో గిన్నె పెట్టిన చప్పుడుని బట్టి అమ్మ ఇవాళ ఏ మూడ్‌లో ఉందో పోల్చుకోవడమే ఆ పిల్లకి ఇరవైనాలుగేళ్ళ ట్రైనింగ్. మరిది 'ఓనరమ్మ సాధింపులు' అని తిప్పేసిన ఆ ఎనభై పేజీల్లోనే కోడ్ బ్రేకర్ తయారవుతోంది. అతను కాటేజీలో పాఠం కోసం చూశాడు, పాఠం వంటగదిలో అయిపోయింది.

డిలీ నాక్స్ కొత్తగా వచ్చిన అమ్మాయిల్ని అడిగే ప్రశ్న ఒకటి ఉండేదట. గడియారం ముళ్ళు ఏ వైపు తిరుగుతాయి? అందరూ 'కుడివైపు' అనేవాళ్ళు. చూసేవాడివా, గడియారానివా అన్నదాన్ని బట్టి ఉంటుంది అనేవాడు ఆయన. నేను ఈ ప్రశ్న మా ఆఫీసులో నలుగురిని అడిగాను. ముగ్గురు మొబైల్‌లో టైమ్ చూసి చెప్పారు.

ఇక అసలు సంగతి. యుద్ధం చివరికొచ్చేసరికి బ్లెచ్లీలో తొమ్మిది వేలమంది దాకా పనిచేశారు. వాళ్ళలో దాదాపు ముప్పావువంతు ఆడవాళ్ళు. చాలామంది ఇరవై ఏళ్ళ లోపూ, కాస్త పైనా. చేరిన రోజే అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ కింద సంతకం. ఏం చేస్తున్నారో ఇంట్లో చెప్పకూడదు. స్నేహితులకి చెప్పకూడదు. పక్క షెడ్డు వాళ్ళకి కూడా చెప్పకూడదు. ఆస్లా, మ్యాబ్ ఒకే గదిలో పక్కపక్కన పడుకుంటారు. ఒకరు జర్మన్ నుంచి అనువాదం చేసి వస్తారు, ఇంకొకరు టైపెక్స్ అనే బ్రిటిష్ సంకేతలిపి మిషన్ మీద వేళ్ళు పడిపోయేలా కొట్టి వస్తారు. "ఇవాళ ఏమైందో తెలుసా" అనే మాట ఇద్దరి నోటా రాకూడదు.

ఆ మాట లేకుండా స్నేహం ఎలా నడుస్తుంది? మనలో ఎవరైనా ఒక వారం ప్రయత్నించి చూడాలి. మనం 'నోట్లో నువ్వుగింజ నానదు' అని ఎవరో ఒకరి గురించి అంటాం గానీ, నిజానికి ఎవరి నోట్లోనూ నానదు. నానకపోవడమే స్నేహం. బాస్ మీద చాడీలు, క్యాంటీన్ సాంబార్ మీద తిట్లు, ఫలానా ఆవిడ కొత్త గాజులు, ఇవన్నీ తీసేస్తే నా స్నేహాల్లో సగం మర్నాటికి ఉండవు.

క్విన్ ఇక్కడ ఒక మంచి పని చేసింది. ఈ ముగ్గురూ మరికొందరితో కలిసి ఒక పుస్తకాల క్లబ్బు పెట్టుకుంటారు. టీ సరిగ్గా దొరకదు, వెన్న రేషన్, అయినా కూడతారు. చదివిన నవల మీద కొట్టుకుంటారు, నవ్వుకుంటారు. పని గురించి మాట్లాడటానికి లేదు కాబట్టి, ఎప్పుడూ పుట్టని కథానాయికల గురించి మాట్లాడుకుంటారు. అందులోనే తమ భయం, కోపం, వలపు అన్నీ చెప్పేసుకుంటారు. అది కూడా ఒక సంకేతలిపే. నిజం బ్లెచ్లీలో కూడా నాటకాలు, చదరంగం, పాటలు, స్కాట్లండ్ నృత్యాలు జోరుగా సాగేవి. కాలక్షేపం అని రాసేస్తారు చరిత్రకారులు. కాలక్షేపం కాదది, ఊపిరి.

యుద్ధం ముగిశాక కూడా ఆ నోళ్ళు తెరుచుకోలేదు. 1974లో ఒక మాజీ అధికారి పుస్తకం రాసేదాకా ఈ కథ లోకానికి తెలియదు. ఈలోపు తల్లులు, తండ్రులు తమ పిల్ల యుద్ధంలో ఏదో గుమాస్తా పని చేసిందనుకుంటూనే పోయారు. చర్చిల్ వాళ్ళని బంగారు గుడ్లు పెడుతూ ఒక్కసారీ కూయని బాతులని మెచ్చుకున్నాడు. ఎక్కడ బ్లెచ్లీ పేరొచ్చినా ఈ మెచ్చుకోలు వస్తుంది. నాకు ఈ మాట మీద చిరాకు. గుడ్డు లెక్క అందరూ రాశారు. కూయకుండా ఉన్నందుకు ఆ బాతుకి ఏమైందో ఎవరు రాశారు? ఎన్ని ఓడలు మునిగాయి, యుద్ధం ఎంత తొందరగా ముగిసింది, ఇవి చరిత్ర పుస్తకాల పని. నోరు మూసుకున్నందుకు ఎవరి కాపురం ఎండిపోయింది, ఎవరి స్నేహం విరిగింది, అది ఏ ఫైల్లోనూ ఉండదు. ఆ ఫైలు నవలే రాయాలి. అందుకే ఇందులో మనుషులు ముందు, మిషన్ వెనక. ఇది రచయిత్రి చేసిన తప్పు అని మరిది అంటాడు, ఇంకెలా రాయాలని నేనంటాను.

ఇది నాకు ఎందుకింత తగిలిందో చెప్పాలంటే మా పక్కింటి పిన్నిగారి గురించి చెప్పాలి. మాది విశాఖపట్నం. మా వీధిలో డిఫెన్స్ ఉద్యోగులు చాలామంది. పిన్నిగారి భర్త కూడా పొద్దున ఏడింటికి టిఫిన్ డబ్బాతో బయల్దేరి, ఒక్కోసారి రాత్రి పదింటికి వచ్చేవారు. ముప్ఫై ఏళ్ళు. ఏం పని అంటే "డిఫెన్స్" అనేవారు, అక్కడితో సరి. 2009 జులై 26న మా ఊళ్ళోనే అరిహంత్‌ని నీళ్ళలోకి దింపారు, మన దేశం కట్టుకున్న మొదటి అణు జలాంతర్గామి. ప్రధానమంత్రి భార్య కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు పేపర్ వచ్చాక ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని పేజీ తిప్పకుండా చాలాసేపు కూర్చున్నారట. పిన్నిగారు వంటింట్లోంచి చూశారట. "నువ్వు అడగలేదా పిన్నీ?" అన్నాను. "లేదమ్మా. ఆయన చెప్పనూ లేదు. కాఫీ చల్లారిపోయిందని మళ్ళీ పెట్టి ఇచ్చాను" అన్నారు. ఆయన పని దానిమీదేనా కాదా అన్నది ఆవిడకి ఇవాళ్టికీ ఖాయంగా తెలియదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

"ముప్ఫై ఏళ్ళలో నాకు ఆయన ఆఫీసు గురించి తెలిసింది టిఫిన్ డబ్బా ఒక్కటే. ఎంత తిన్నారో, ఎంత మిగిల్చారో. దాన్నిబట్టి లోపల ఎలా ఉందో ఊహించుకునేదాన్ని."

సంకేతలిపి విప్పడమంటే ఇదే కదా అనుకున్నాను. డబ్బాలో మిగిలిన చారు రంగు చూసి మొగుడి రోజుని చదవడం.

నవల్లో స్నేహం విరిగే చోటు దగ్గరికి వస్తాను. చదవబోయేవాళ్ళ సరదా పాడుచేయను, పైపైన చెప్తాను. బెత్‌కి తాను విప్పిన ఒక సందేశం వల్ల ముందుగా ఒక సంగతి తెలుస్తుంది. చెబితే స్నేహితురాలి బతుకు ఇంకోలా ఉండేది. సంతకం పెట్టింది కాబట్టి బెత్ చెప్పదు. నేను అక్కడ పుస్తకం మూసేసి లేచి మంచినీళ్ళు తాగాను.

మాలతి (అసలు పేరు కాదు) నా హాస్టల్ స్నేహితురాలు. డిగ్రీ మూడేళ్ళూ ఒకే గది. మా ఇద్దరికీ క-భాష ఉండేది. అక్షరం అక్షరానికీ ముందు 'క' తగిలించడం: 'రేపు సినిమా' అంటే 'కరేకపు కసికనికమా'. వార్డెన్ రెండు రోజుల్లో పట్టేసింది. అన్ని 'క'లు ఒకచోట కనిపిస్తే ఎవరైనా పట్టేస్తారు, మాకే అది బ్రహ్మరహస్యం అనిపించేది. ఆ తర్వాత హైదరాబాదులో ఒకే కంపెనీలో పడ్డాం. ఆమె ప్రాజెక్టులో, నేను హెచ్‌ఆర్‌లో. ఒక శుక్రవారం సాయంత్రం తీసేయబోయేవాళ్ళ జాబితా నా ముందుకి వచ్చింది. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టించుకునే ఇచ్చారు. పదకొండో పేరు మాలతిది.

శనివారం పొద్దున్నే మాలతి మా ఇంటికొచ్చింది. చేతిలో ఫ్లాట్ బ్రోషరు. వంటింటి గట్టు గ్రానైట్ ఏ రంగు బాగుంటుందని అడిగింది. సోమవారం అడ్వాన్స్ ఇస్తున్నామంది. నేను ఉప్మా కలుపుతున్నాను. "తొందరేముందే, ఇంకో రెండు చోట్ల చూడండి" అన్నాను. నా వల్ల అయింది అంతే. "నీకెప్పుడూ అనుమానమే" అని నవ్వి, రెండోసారి వేయించుకుని తింది. సోమవారం అడ్వాన్స్ ఇచ్చేశారు. బుధవారం మీటింగ్ రూములోకి వచ్చేసరికి ఎదురుగా నేను కూర్చుని ఉన్నాను.

ఆమె ఉద్యోగం గురించి ఏమీ అడగలేదు. "శనివారం ఉప్మా పెట్టినప్పుడు నీకు తెలుసా?" అంది.

తెలుసన్నాను. అబద్ధం ఆడి ఉంటే బాగుండేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

చెప్పి ఉంటే నా ఉద్యోగం పోయేది. ఇంటి అద్దె నా జీతం మీద. జాబితాలో ఇంకో నలభైమంది ఉన్నారు, వాళ్ళలో ఎవరికి నేను చెప్పాలి, ఎవరికి మానాలి? ఇవన్నీ సరైన లెక్కలే. ఈ లెక్కలన్నీ వేసినా మాలతి ప్రశ్న అలాగే ఉంటుంది. యుద్ధంతో నా ఉప్మాని పోల్చడం పెద్ద సాహసమే, నాకూ తెలుసు. అక్కడ ప్రాణాలు, ఇక్కడ ఈఎమ్‌ఐ. కానీ నవల్లో నాకు నచ్చిందేమిటంటే, బెత్ చేసింది ఒప్పు అని రచయిత్రి తీర్పు చెప్పి తప్పించుకోదు. నష్టపోయిన స్నేహితురాలి కోపం అన్యాయమనీ అనదు. దేశం కోసం కాబట్టి క్షమించేయమ్మా అని ఏ పాత్ర చేతా సలహా ఇప్పించదు. చెప్పకపోవడం బెత్‌కి ధర్మం. క్షమించకపోవడం ఆమె స్నేహితురాలికి హక్కు. రెండూ ఒకే గదిలో ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. మంచి చరిత్ర పుస్తకాలు నేను కొన్ని చదివాను, వాటిలో నాకిది దొరకలేదు.

అలాగని నవల అంతా అప్పచ్చి అనను. ఆస్లాకి, తర్వాత ఎలిజబెత్‌ని పెళ్ళాడిన ఫిలిప్‌కి మధ్య ప్రేమకథకి పేజీలు ఎక్కువ. నిజంగానే ఆస్లా బెనింగ్ అనే అమ్మాయి ఫిలిప్‌తో తిరిగింది, బ్లెచ్లీలో పనిచేసింది కూడా. అయినా రాచకుటుంబం మీద ఈ మోజు నాకు ఎక్కదు. ఆ పెళ్ళి గురించి చదువుతుంటే నా బుర్ర వేరేచోటికి పోయింది. ఆ పెళ్ళికూతురికి మన హైదరాబాద్ నిజాం వజ్రాల నెక్లెస్ బహుమతి ఇచ్చాడు. ఫిలిప్ మేనమామ మౌంట్‌బాటన్ అప్పుడు మన గవర్నర్ జనరల్. మేనల్లుడి పెళ్ళికి లండన్ వెళ్తూ రాజాజీని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. నిజాంతో బేరసారాలు తేలకుండా అటూ ఇటూ ఊగుతున్న రోజులవి. భారత ప్రభుత్వానికీ నిజాంకీ మధ్య యథాతథ ఒప్పందం మీద సంతకం పెళ్ళయిన తొమ్మిదో రోజున, నవంబరు 29న పడింది. ఇవేవీ నవల్లో ఉండవు, ఉండక్కర్లేదు కూడా. మన పాఠకుల బుర్ర అలా పోతుంది, అంతే.

ఇంకో లోపం, నిజజీవితంలో ఇద్దరు ముగ్గురు చేసిన ఘనతలు ఒక్క బెత్ ఖాతాలో పడిపోయాయి. జర్మన్ గూఢచారి శాఖ ఎనిగ్మాని 1941 డిసెంబరులో విప్పడంలో మేవిస్ లీవర్‌తో పాటు మార్గరెట్ రాక్ కూడా ఉంది. ఆమె గురించి తెలిసినవాళ్ళు ఎంతమంది? చివరి వంద పేజీల్లో ద్రోహి ఎవరన్న వేట సినిమా క్లైమాక్స్‌లా పరిగెడుతుంది. నాకు ఆ పరుగు అక్కర్లేదు. మరిది అక్కడిదాకా వచ్చి ఉంటే అతనికి నచ్చేదేమో.

పిన్నిగారికి ఇంగ్లీషు రాదు. నేనే మూడు సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని ఈ కథంతా చెప్పాను, ఇద్దరం గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ. యుద్ధం అనగానే ఆవిడకి వాళ్ళమ్మ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా ఊరి మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పల్లెలకి పోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకి తరలించారు. వాళ్ళమ్మ అప్పటికి కొత్త పెళ్ళికూతురు. ఎడ్లబండిలో ఇత్తడి బిందె ఒళ్ళో పెట్టుకుని పోయిందట.

"అప్పుడు మనవైపు కూడా ఇలా చదివేవాళ్ళున్నారా?" అని అడిగారు.

ఉన్నారన్నాను. కొలంబోలో ఉన్న బ్రిటిష్ దళం జపాన్ నౌకాదళం సందేశాల్ని చదివి, సిలోన్ మీద దాడి రాబోతోందని ముందే చెప్పింది. మా ఊరి మీద బాంబులు పడటానికి ముందురోజే, ఏప్రిల్ 5న, కొలంబో మీద పడ్డాయి. తర్వాత ఆ దళాన్ని ఆఫ్రికాలో మొంబాసా దగ్గరికి తరలించారు. ఢిల్లీలో ఆనంద్ పర్బత్ మీద కూడా బ్లెచ్లీకి అనుబంధంగా ఒక కేంద్రం నడిచింది. పిన్నిగారు కాసేపు లెక్క వేసుకున్నారు. "అయితే ఆ కొలంబో వాళ్ళలో ఎవరికైనా ఊళ్ళో చుట్టాలుంటే, పారిపోండి అని చెప్పడానికి లేదన్నమాట" అన్నారు. మూడు సాయంత్రాల్లో నేను చెప్పడానికి తంటాలు పడుతున్నది ఆవిడ ఒక్క వాక్యంలో తేల్చేశారు.

మూడో రోజు ద్రోహి ఎవరో బయటపడే చోటికి వచ్చి, సస్పెన్స్ కోసం ఆగాను. ఆవిడ చెయ్యి ఊపేశారు.

"వాడెవడైతే నాకేం. వాళ్ళు ముగ్గురూ మళ్ళీ మాట్లాడుకున్నారా లేదా, అది చెప్పు."

చెప్పాను. తుంచిన ఈనెలన్నీ పేపర్లో చుట్టి పక్కన పెట్టారు. ఇంకా ఏదో తేలనట్టు నా మొహంలోకి చూశారు.

"ముందు నోరు విప్పింది ఎవరు? ఆ చెప్పని పిల్లేనా, వీళ్ళు అడిగారా?"

నాకు వెంటనే గుర్తురాలేదు. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి, బాల్కనీ లైటు కింద ఆ పేజీలు వెతకడం మొదలుపెట్టాను. ఆవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని చూస్తూ కూర్చున్నారు.